నాగప్పన్ ఒంట్లోని పొయ్యిలు

తొంభై ఆరు, కార్తీకం. పొద్దున ఆరు గంటలు, సన్నగా తుంపర. రాయపురం చేపల రేవులో ఐసు పెట్టెలు మోసి నా కడుపు కాలిపోతోంది. టీకొట్టులో నా పక్కన, నాతోపాటే పెట్టెలు మోసే నాగప్పన్ ఇడ్లీలు తిని మళ్ళీ ఇడ్లీలు చెప్పాడు. ఇంత తిన్నా నాలుగడుగులు మోస్తే వాడికి కాళ్ళు వణికేవి. కనురెప్పలు ఎప్పుడూ సగం వాలి ఉండేవి.

"కుంభకర్ణుడు లేచినాడప్పా. ఐసు కరిగేలోపల మోస్తాడేమో చూడండి," అన్నాడు మేస్త్రీ దేవరాజులు.

తిన్నదంతా ఎక్కడికి పోతోంది? నాకు అదే ధ్యాస. నేనే వాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. తొడలోంచి చిన్న కండముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ ఏం చెప్పిందో వాడు టీకొట్టు దగ్గర చెప్పాడు.

"ఒంట్లో ప్రతి కణంలోనూ సన్న పొయ్యిలుంటాయంటన్నా. మైటోకాండ్రియా అంట. ఆడ తిన్నదాన్ని కాల్చి బలం చేసేది ప్రోటీన్లంట. నాకు అవే సరిగ్గా తయారు కాలేదంట."

"అంటే కట్టెలున్నాయి, పొయ్యి మండదు."

"అంతేదా. నేను సోమరిని కాదంటన్నా," అని నవ్వాడు.

"ఎట్లా వచ్చిందిరా?"

"అమ్మ నుంచి. ఆ పొయ్యిలు తల్లి నుంచే బిడ్డలకి వస్తాయంట."

చింతాద్రిపేటలో వాళ్ళమ్మ చివరి రోజుల్లో రెప్పల్ని వేలితో ఎత్తుకుని చూసేది. అది గుర్తొచ్చింది.

"అయితే నీ నుంచి నీ బిడ్డలకి రాదు. పెళ్ళికి అడ్డమేముంది?"

వాడి అక్క మంగ కూతురు శ్రీప్రియ వాడికే అని ఎప్పుడో అనుకున్నారు. మేనమామ ఉండగా వేరే సంబంధం వెతకరు.

"అమ్మ నుంచి అక్కకి, అక్క నుంచి ఆ బిడ్డకి వచ్చుంటేనో? ఇద్దరం పడిపోతే ఎవురు ఎవుర్ని లేపేదన్నా? ఆ బిడ్డకి బలమైనోడు కావాల."

"మీ అక్కతో చెప్పు."

"చెప్తే ఆడోళ్ళ రక్తంలోనే రోగమంటారు. ఇంక ఆ వాకిలి ఎవుడు తొక్కతాడు?"

"మరి ఏం చెప్పి వద్దంటావు?"

వాడు గ్లాసులో అడుగున మిగిలిన టీ పారబోసి లేచాడు. "నువ్వు మాత్రం ఈ మాట ఎవురికీ చెప్పొద్దన్నా."

తాంబూలాల రోజు పొద్దున నాగప్పన్ గదిలో లేడు. మంగ కట్టుకున్న పట్టుచీరతోనే రేవుకొచ్చింది.

"నీకేమన్నా చెప్పినాడా అన్నా?"

"లేదమ్మా."

"కాపురం మోయాల్సి వస్తాదని పారిపోయినాడు, సోమరోడు," అన్నాడు దేవరాజులు.

మంగ తమ్ముణ్ణి తిడుతోంది. నేను ఆమె కనురెప్పల వైపే చూస్తున్నాను.