తీర్థంలో కలిపినది

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. పూజకు కూర్చున్నప్పుడు మరీ బరువవుతుంది. దేవుడికి తెలుసు, ఆయనకు కొత్తగా చెప్పేదేముంది? మనిషికే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది జనగామ. నాయినది కిరాణా దుకాణం. చిన్నప్పుడు నేను బడికి పోలేదు. వంటింట్లో తన పక్కన కూర్చోబెట్టుకుని అమ్మే అక్షరాలు దిద్దించింది. ఆ చదువుతోనే ప్రైవేటుగా పరీక్షలు రాస్తూ పైకి వచ్చాను. ఆమె చలవే. పెళ్లయ్యాక మహబూబాబాద్‌లో, ఒక కాలేజీలో తెలుగు చెప్పే కొలువు దొరికింది. మా ఆయనకు భూపాలపల్లి బొగ్గుగనిలో పని. సెలవు దొరికినప్పుడే ఇంటికి వచ్చేవారు. ఇంట్లో నేనూ అత్తమ్మా. పీహెచ్‌డీలో చేరమని నన్ను ముందుకు తోసింది కూడా ఆమే. నా పరిశోధన మంగళహారతి పాటల మీద. అందులో సగం పాటలు ఆమె నోటివే.

కానీ నాకు కావలసినవి రికార్డు చేసుకోవడం అయిపోయింది. ఆ తర్వాత ఆమె పాడుతుంటే విసుగొచ్చేది. ఒప్పుకోవాలి, విసుగే. ఉదయం తరగతులు ముగించుకుని నేను ఇంటికి రాగానే ఆమె మాటలు మొదలయ్యేవి. అప్పటిదాకా ఒంటరిగా ఉన్న మనిషి, పాపం, ఇంకెవరితో మాట్లాడుతుంది? ఆ వేసవిలో సిద్ధాంత గ్రంథం సమర్పించకపోతే నమోదు రద్దవుతుందని గైడు హెచ్చరించారు. చివరి అధ్యాయం కదలడం లేదు.

రాత్రి నిద్రపట్టడానికి డాక్టరు ఆమెకు మాత్ర రాశారు. పగలు మాత్ర వేసుకోమంటే వేసుకునేది కాదు. తీర్థం మాత్రం ఎన్నడూ వద్దనలేదు.

ఒకరోజు మధ్యాహ్నం నైవేద్యం పెట్టి, మాత్ర నూరి, తీర్థంలో కలిపాను. చేదు తెలియకుండా పచ్చకర్పూరం కాస్త ఎక్కువ వేశాను. కురవి వీరభద్రస్వామి పటం ముందే కూర్చుని కలిపాను. తప్పనిపించిందా? లేదు. అనిపిస్తే బాగుండేది.

అత్తమ్మ కుడి అరచేయి పట్టి, కళ్లకద్దుకుని తాగి, తడి చేతిని తలకు రాసుకుంది.

“ఏంది బిడ్డా, ఇయ్యాల తీర్థం చేదుగున్నది?”

“తులసాకు ముదిరింది అత్తమ్మా.”

“ముదిరితే గింత చేదుంటదా? నీ దేవుడు గూడ నీ లెక్కనే సదువుల వడి చేదయినట్టున్నడు.” నవ్వింది. “జెల్ది రాయి తల్లీ. నీ పీహెచ్‌డీ అయ్యేలోపట నా పెద్దకర్మ అయితదేమో సూడు!”

నేనూ నవ్వాను. ఆమె నిద్రపోయింది. ఆ పూట నా రాత పరుగెత్తింది. స్వామీ, నీ దయ అని దండం పెట్టుకున్నాను. దేనికి పెట్టుకున్నాను ఆ దండం?

ఒక్కరోజుతో ఆగలేదు. వేసవి అంతా అదే తీర్థం. ఆమె లేచాక కూడా తూలేది. పాట మధ్యలో చరణం మరిచిపోయి నా ముఖంలోకి చూసేది. తనకు మతి పోతున్నదని భయపడింది. బయటికి పోవడం మానేసింది. వయసు మీద పడిందని మా ఆయన బాధపడితే నేను తల ఊపాను. అలా తల ఊపడం మాత్ర కలపడం కన్నా పెద్ద పాపమేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

గ్రంథానికి ఇక బైండింగు చేయించడమే మిగిలింది. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆమె మత్తులో లేచి, పెరట్లోకి అడుగు పెడుతూ గడప దగ్గర పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో ఆపరేషన్‌కు ముందు డాక్టరు అడిగారు, ఏమేం మందులు వాడుతున్నారని. మా ఆయన పక్కనే ఉన్నారు. బీపీ మాత్ర, రాత్రి నిద్రమాత్ర, అంతే అన్నాను. పగటి సంగతి చెప్పలేదు. ఆమెను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతుంటే నా నోరు తెరుచుకోలేదు.

బతికి బయటికి వచ్చింది. కానీ మునుపటి మనిషి కాదు. వానాకాలం దాటలేదు. నా మౌనమే ఆమెను తీసుకుపోయిందా? తెలియదు. తెలిసినవాళ్లను అడగలేదు. అడిగితే చెబుతారన్న భయం.

మంచం పట్టిన అమ్మను చూసుకుంటూనే నా భార్య డాక్టరేట్ చేసిందని మా ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతారు. కాలేజీవాళ్లు నన్ను వేదిక ఎక్కిస్తారు. ఉద్యోగం, ఇల్లు, చదువు ఎలా నెట్టుకొచ్చానో ఆడపిల్లలకు చెప్పమంటారు. దేవుని దయ, అత్తమ్మ దీవెన అంటాను. చప్పట్లు కొడతారు.

మొన్న సభ ముగిశాక ఒక అమ్మాయి వెంట వచ్చింది. లింగాల ఘనపూర్ నుంచి వస్తుందట. పరిశోధన చేస్తోంది, ఇంట్లో చంటిపిల్ల.

“పిల్ల పండుకుంటనే లేదు మేడం. రాసుకునుడు ఎట్ల? గింత టైం మీకు యాడ దొరికింది?”

దేవుని దయ అనబోయి ఆగిపోయాను. పిల్ల నిద్రపోకపోతే పోనీ, చదువు ఆగితే ఆగనీ అన్నాను. ఎందుకలా అన్నానో ఆమెకు అర్థం కాలేదు. చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది.

అందుకే రాశాను. క్షమించమని స్వామిని అడగడం లేదు. క్షమించవలసిన మనిషి లేదు. రాశాక గుండె కొంచెం తేలికైంది. అబద్ధమెందుకు, తేలికైంది. ఆ మధ్యాహ్నం ఆమె నిద్రపోయినప్పుడు కూడా నాకిలాగే తేలికైంది.