ఊరేగింపు అమ్మవారు

కొత్త చెక్కపెట్టె మూత తీసినప్పుడు వచ్చే పైన్ వాసన నాకు పడదు. మొన్న మ్యూజియం గోదాములో అది తగలగానే ముక్కు మూసుకుని బయటికొచ్చేశాను. పక్కవాళ్ళు డస్ట్ ఎలర్జీ అనుకుని మంచినీళ్ళిచ్చారు. నాకు గుర్తొచ్చింది మాత్రం వైదేహి ఆంటీ.

గుంటూరు నుంచి వచ్చి మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డ డాక్టరు ఆవిడ. రిటైరయ్యాక మా మ్యూజియం సలహా మండలికి అధ్యక్షురాలయ్యారు. సభ్యుల్ని ఎలా చేర్చుకోవాలి, ఏ కళాఖండాలు తీసుకోవాలి అన్నది మండలి చూసే పని. నగర శివారు వెర్రిబీలో ఇల్లు, ఆఫీసు తప్ప వేరే లోకం తెలియని నన్ను ఇందులోకి లాగింది ఆవిడే. చేరగానే నేను తెలుగువాళ్ళ భోజనాల్లో మెంబర్‌షిప్ మీద పెద్ద ఉపన్యాసం దంచాను. ఒక్కరూ చేరలేదు. ఆంటీ పడీపడీ నవ్వారు.

"బిర్యానీ ముందు పెట్టుకుని నీ స్పీచ్ ఎవరు వింటారే? ఫ్యామిలీస్‌ని తీసుకొచ్చి బొమ్మలు చూపించు. పిల్లలు 'కెన్ వి కమ్ అగైన్?' అన్నాక అప్పుడు మెంబర్‌షిప్ సంగతెత్తు."

అలా వచ్చిన కుటుంబాల్లో చాలామంది రామ్మోహన్ గారి మాట మీద వచ్చినవాళ్ళే. ఆయన గుండె డాక్టరు, మెడికల్ కాలేజీలో ఆంటీ క్లాస్‌మేటు. ఆంటీ భర్త పోయినప్పుడు అన్నీ తానై నిలబడిన మనిషి. ఆయన ఒక కంచు అమ్మవారి విగ్రహం కొత్త పైన్ చెక్కపెట్టెలో తెచ్చి మ్యూజియానికి ఇస్తానన్నారు. దాన్ని చూసి మండలి అంతా మురిసిపోయింది, నాతో సహా. ఆంటీ మాత్రం వంగి పీఠం వైపు చాలాసేపు చూశారు.

ఎవరికైనా కాదని చెప్పాల్సి వస్తే ఆవిడ అధ్యక్షురాలి కుర్చీలో కూర్చుని చెప్పేవారు కాదు. ఆ రోజు కూడా లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు.

"రామూ, పీఠానికి కన్నాలు చూశావా? కర్రలు దోపి ఊరేగించిన అమ్మవారు. అభిషేకాలకి ముఖం అరిగిపోయింది. ఏ గుడిది?"

"ఓల్డ్ ఫ్యామిలీ కలెక్షన్ అన్నాడు డీలర్. నన్ను నమ్మవా వైదేహీ?"

"నిన్ను నమ్ముతాన్రా. ఎక్కడో ఓ ఊరివాళ్ళు ఈ తల్లి కోసం వెతుక్కుంటుంటే? గుడి తెలిసేదాకా మనం తీసుకోలేం. పద, ఇద్దరం కలిసి కనుక్కుందాం."

"అంటే నేను దొంగసొత్తు ఇస్తున్నాననేగా, ఇంతమంది ముందు!"

ఆయన వెళ్ళిపోయారు. సమావేశం ముగిసేదాకా ఆంటీ ఆ ఖాళీ కుర్చీ పక్కనే కూర్చున్నారు. తర్వాత ఆయన తెచ్చిన కుటుంబాలు ఒక్కొక్కటే సభ్యత్వం మానుకున్నాయి. కాస్త మెత్తబడమని మ్యూజియం పెద్దలు అడిగినా ఆవిడ మాట మార్చలేదు. విగ్రహం ఏ గుడికీ చేరకుండా తిరిగి రామ్మోహన్ గారి హాలుకే వెళ్ళి అక్కడే ఉండిపోయింది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ప్రతి పండక్కీ ఆంటీ ఆయనకి ఫోన్ చేసేవారు. ఆయన ఎత్తేవారు కాదు. ఓసారి నాకు ఒళ్ళు మండింది.

"వదిలేయండి ఆంటీ, ఏమిటా పొగరు?"

"పొగరు కాదే, హర్టయ్యాడు. నేను నో చెప్పింది బొమ్మకి. వాడికి కాదు."

ఆవిడ పోయేదాకా ఆయన ఫోన్ ఎత్తలేదు. చివరి చూపుకి కూడా రాలేదు. అంత స్నేహం అలా పోయినందుకు నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. ఆవిడ చేసింది తప్పని మాత్రం ఏ రోజూ అనిపించలేదు.

ఈమధ్య నేనూ, ఎక్కడిదో తేలని విగ్రహం ఇస్తానన్న ఒక పెద్దాయనకి కాదని చెప్పాల్సి వచ్చింది. పక్కన కూర్చునే చెప్పాను. ఆయన లేచి వెళ్ళిపోయారు. మర్నాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పండక్కి మళ్ళీ చేస్తాను.