ముంతలోకి చూడని మనిషి

పోయిన నెల రోజమ్మత్త కన్నుమూసింది. ఆవిడ గురించి నాలుగు మాటలు రాసివ్వమని సంఘపెద్ద కృపాకర్ గారు కబురు పెట్టారు. "నీకు తెలుగు బాగా వచ్చు గదా విజయ కుమారీ" అన్నారు. నా తెలుగు ఒకప్పుడు ఏం చేసిందో ఆయన మరిచిపోయినట్టున్నారు. నేను మరిచిపోలేదు. అందుకే ఆవిడ గురించి రాయాలంటే ముందు నా కడుపుమంట గురించి రాయాలి.

అది 1966. మేం హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మా నాన్న ఎలీయాజరు యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అంతకుముందు ఏడు చివర్లోనే రెండు రైలు పెట్టెల మధ్య కాలు నలిగి మంచాన పడ్డాడు. సెలవులు అయిపోయాయి, జీతం ఆగిపోయింది. నేను హౌరాలో బి.ఎ. మొదటి సంవత్సరం. అటు చూస్తే బెంగాల్ అంతా బియ్యానికి కటకట. రేషను షాపులో వారానికిచ్చే బియ్యం రెండు రోజులకి చాలేవి కావు. మిగతా రోజులకి గోధుమలే గతి.

మా క్వార్టర్సులో తెలుగు క్రైస్తవుల ఇళ్ళు ఇరవై రెండు. ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక ముంత ఉండేది. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఆడవాళ్ళు అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేసేవాళ్ళు. శనివారం మధ్యాహ్నం రోజమ్మత్త డాల్డా డబ్బాకి తీగ కట్టుకుని వచ్చి, ఇల్లిల్లూ తిరిగి ముంతలు ఒంపుకునేది. ఆ బియ్యం కష్టంలో ఉన్న ఒక ఇంటికి ఏడాది పొడుగునా వెళ్ళేవి. అది ఏ ఇల్లో పెద్దలు పైకి చెప్పేవారు కాదు. చెబితే పుచ్చుకున్నవాళ్ళు నలుగురిలో తలెత్తుకోలేరని. పుచ్చుకునే ఇంట్లో కూడా ముంత ఉండాల్సిందే, పిడికెడు వెయ్యాల్సిందే. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

రోజమ్మత్త మాకు చుట్టమేం కాదు. క్వార్టర్సు పిల్లలందరికీ ఆవిడ అత్తే. భీమిలి దగ్గరి పల్లె నుంచి పదిహేనేళ్ళకే పెళ్ళికూతురుగా వచ్చింది. మొగుడు ఇంజన్లకి బొగ్గెత్తేవాడు, దగ్గి దగ్గి ముప్పై నిండకుండానే పోయాడు. పిల్లల్లేరు. రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేరి బెంగాలీ, హిందీ రెండూ నేర్చుకుంది గానీ రెండిటినీ భీమిలి యాసలోనే మాట్లాడేది. చదువు రాదు. కూర్చోమంటే "కూకుంటే కాళ్ళు పట్టీసుకుంటాయే" అనేది.

ఆవిడకొక అలవాటుండేది. ముంత చేతికివ్వగానే మొహం పక్కకి తిప్పుకుని డబ్బాలోకి ఒంపేది. ఎవరు ఎంత వేశారో చూసేది కాదు. ముంత వట్టిదైతే బరువుని బట్టి తెలిసిపోతుంది గదా, అప్పుడు కూడా మొహం తిప్పుకుని, దాన్ని డబ్బా మీద బోర్లించి, ఏదో రాలినట్టుగా డబ్బాని రెండుసార్లు తట్టి, "నిండుగుండాల తల్లీ" అనేది. వట్టి ముంతలకే ఆ తట్టటం, ఆ దీవెన. ఎందుకలా మొహం తిప్పుకుంటావని ఒకసారి అడిగాను.

"సూత్తే లెక్క, సూడకపోతే కానుక. లెక్కలు నీకొగ్గీసినాను సదువులమ్మా" అంది.

నన్ను సదువులమ్మ అనేది. డోర్కాస్‌ని మాత్రం బంగారు తల్లి అనేది. నా కడుపుమంటకి అక్కడే నిప్పు అంటుకుంది.

డోర్కాస్ రైలు గార్డు దయానందం గారమ్మాయి. నా కాలేజీ, నా క్లాసు. మా క్వార్టర్సు మొత్తానికి కాలేజీకి వెళ్ళే పిల్లలం మేమిద్దరమే. ఆమెకి చేతివాచీ ఉండేది. టైము తెలియాలంటే నేను ఆమె చెయ్యి చూడాలి. చూడకూడదన్న పంతంతో రెండుసార్లు లోకల్ బండి తప్పిపోయాను కూడా. ఆమెకి గొడుగుంది, నాకు నెత్తిమీద పుస్తకం ఉంది. మార్కులు నాకే ఎక్కువ వచ్చేవి, కానీ మార్కుల్ని చేతికి కట్టుకుని తిరగలేం గదా. తెలుగు చదవటం ఆమెకి రాదు, ఇంట్లో సగం బెంగాలీయే, నాన్నని కూడా బాబా అనేది. ఆ ఒక్క విషయంలో నేను ఆమెని చూసి జాలిపడేదాన్ని, అదీ కడుపునిండా.

ఆ జనవరిలో ఒక ఆదివారం కృపాకర్ గారు ప్రకటించారు: ఈ ఏడాది ముంతల బియ్యం కాలేజీలో చదువుకునే బిడ్డ ఉన్న ఇంటికి. నేను లెక్క వేసుకున్నాను. చదువుకునేది ఇద్దరం. మా ఇంట్లో ముంత ఉంది, ప్రతి శనివారం రోజమ్మత్త ఒంపుకుని వెళ్తూనే ఉంది, అంటే మేం ఇచ్చేవాళ్ళం. ఇక మిగిలిందెవరు? పైగా కళ్ళారా చూశాను. రోజమ్మత్త అన్ని ఇళ్ళూ తిరిగి నిండు డబ్బాతో చివరికి డోర్కాస్ ఇంట్లోకి వెళ్ళేది, వట్టి డబ్బాతో బయటికొచ్చేది. మా గుమ్మంలో నిలబడే మనిషి వాళ్ళ వరండాలో టీ తాగేది.

"నాన్న జీతం ఆగిపోయిన మనం ఇవ్వటమేమిటి, గార్డు గారు తినటమేమిటి?" అని అమ్మ మీద ఎగిరాను.

"మనకి ఖరగ్‌పూర్ మావయ్య బియ్యం అంపుతన్నాడు గదే. ఎవులు తింటే నీకేటి? నువ్వు సదువుకో" అంది అమ్మ.

అమ్మ నన్ను వంటింట్లో అడుగు పెట్టనిచ్చేది కాదు. నేనూ పెట్టలేదు, సుఖంగానే ఉండేది. కంచంలోకి అన్నం వస్తే తినేదాన్ని, అదీ వంకలు పెడుతూ. ఆ మధ్య అన్నం సగం మెతుకులు పేస్టులా, సగం మెతుకులు పలుకులుగా ఉండేది. "అన్నం వార్చటం కూడా మరిచిపోయావా?" అన్నాను ఒక రోజు.

జూలైలో యువజన ఆదివారం వచ్చింది. ప్రసంగం తెలుగులో చెయ్యాలి, కాబట్టి నాకే ఇచ్చారు. 'నేటి సమాజంలో స్వార్థం' అని విషయం నేనే ఎంచుకున్నాను. లోకల్ బండిలో ముసలివాళ్ళని తోసి కూర్చునేవాళ్ళని తిట్టాను. బియ్యం దాచి ధర పెంచే వ్యాపారుల్ని తిట్టాను. పంపు దగ్గర ఒక్క బిందె అని నాలుగు బిందెలు పట్టుకునేవాళ్ళని తిట్టాను. నిజంగానే ఆ రోజుల్లో నాకు మనుషులంటే రోత పుట్టేది, ఎవరి కడుపు వాళ్ళకే అన్నట్టుండేది లోకం. అక్కడితో ఆపి ఉంటే మంచి ప్రసంగమే. కానీ దాన్నంతా నేను రాసింది చివరి వాక్యం కోసం.

"చేతికి వాచీ కట్టుకుని పేదవాళ్ళ ముంతలో చెయ్యిపెట్టేవాళ్ళు మన మధ్యనే ఉన్నారు."

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా తలలన్నీ డోర్కాస్ వైపు తిరిగాయి. డోర్కాస్ పమిట కొంగు లాక్కుని మణికట్టు కప్పుకుంది. వెనక వరసలోంచి ఎవరో గట్టిగా ఆమెన్ అన్నారు. కృపాకర్ గారు నేలచూపులు చూశారు. గుమ్మం దగ్గర కూర్చున్న రోజమ్మత్త మొహం బయటికి తిప్పుకుంది, గాలి కోసమనుకున్నాను. ఆ ఆమెన్‌ని వారం రోజులు మనసులో చప్పరించాను.

మరుసటి శనివారం రోజమ్మత్త డబ్బా తేలిగ్గా ఊగుతూ వచ్చింది. "వాచీలున్నోళ్ళకి మా పిడికెడెందుకు?" అని ఆడవాళ్ళు ముంతలు అటకెక్కించేశారట. పంపు దగ్గర ఆ మాట విని గర్వపడ్డాను. సమాజాన్ని మార్చానని అనుకున్నాను, పంతొమ్మిదేళ్ళు గదా. అదే వారం మా ఇంట్లో అమ్మ రాత్రిపూట గంజి తాగటం మొదలుపెట్టింది. అడిగితే కడుపు బాగోలేదంది. నా కంచం మాత్రం నిండుగానే వచ్చేది.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం హర్తాళ్ చేశారు. బండ్లు లేవు, కాలేజీ లేదు. పది గంటలప్పుడు పెరటి తలుపు చప్పుడైంది. వెళ్ళి తీశాను. రోజమ్మత్త. హర్తాళైనా ఆసుపత్రికి సెలవుండదు, ఆవిడ ప్రతి సోమవారం లాగే డ్యూటీ దిగి వచ్చేసింది. చంకలో గుడ్డసంచి. నన్ను చూసి సంచి వెనక్కి లాక్కుంది. అంతలో ఆవిడ వెనక డోర్కాస్ రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది.

"అత్తా, ఆగు, ఆజ్ కాలేజ్ బంద్! విజయ ఇంట్లోనే ఉంటుంది..."

నన్ను చూసి ఆమె మాట ఆగిపోయింది. వెనక నుంచి అమ్మ గాభరాగా, "ఇజయా, నువ్వు లోపలికెల్లు" అంది.

నేను వెళ్ళలేదు. సంచి లాక్కుని మూతి విప్పాను. పైన రెండు పిడికెళ్ళ బియ్యం: ఎర్రవి, తెల్లవి, ఉప్పుడువి, పచ్చివి, నూకలు, అన్నీ కలగలిసి. ఇరవై ఇళ్ళ బియ్యం ఒకే కుండలో పోస్తే సగం పేస్టు, సగం పలుకు కాక ఏమవుతుంది? ఆరు నెలలుగా నేను వంకలు పెట్టింది ఆ అన్నానికి. ఖరగ్‌పూర్ మావయ్య ఒక్క గింజ పంపలేదు. డోర్కాస్ వాళ్ళమ్మ స్త్రీల సమాజం కార్యదర్శి కాబట్టి బియ్యం వాళ్ళింట్లో రాళ్ళేరి, సోమవారం నేను కాలేజీకి వెళ్ళాక మా ఇంటికి చేర్చేవాళ్ళు. నాకు తెలియకూడదని మా రెండిళ్ళవాళ్ళూ, రోజమ్మత్తా కూడబలుక్కున్నారు.

చెయ్యి ఇంకొంచెం లోపలికి పెట్టాను. ఆ రెండు పిడికెళ్ళ కింద, సంచి అడుగు దాకా, సన్నగా తెల్లగా ఒకే రకం బియ్యం. ఒకే ఇంటివి.

"ఇవెవరివి?"

డోర్కాస్ తన వంకర తెలుగులో, "మాకు రుటీ అలవాటైపోయింది. బాబా కూడా రుటీయే అడుగుతున్నారు" అంది. ఆ చేతికి వాచీ లేదు. ఆ ఆదివారం నుంచీ లేదట, ఇన్నాళ్ళూ నేను చూడనే లేదు.

"ముంతలు మూతపడిపోనాయి. ఏటి సేత్తాం మరి" అంది రోజమ్మత్త, వాన గురించి చెప్పినట్టు.

మీరు నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి, కానీ అప్పుడు నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, అసూయ. వాచీ మీద అసూయపడటం సులువు, ఎప్పటికైనా కొనుక్కోవచ్చు. ఇది ఎక్కడ కొనుక్కోను? తనని నలుగురిలో నిలబెట్టి సిగ్గు తీసినదాని కంచంలోకి తన అన్నం పంపి, ఆ సంగతి తెలియనివ్వకూడదని పరుగెత్తుకొచ్చిందే, ఆ బుద్ధి నాది ఎందుకు కాలేదని కుళ్ళిపోయాను.

శనివారం డబ్బా నేను తీసుకున్నాను.

"పేరు సెప్పకూడదే గుంటా" అంది రోజమ్మత్త కంగారుగా.

"నా పేరు నేనే చెప్పుకుంటాను" అన్నాను.

ప్రతి గుమ్మంలో ఒకటే మాట: "ఈ బియ్యం తినేది నేనే. డోర్కాస్ కాదు." ఒకావిడ లోపలికెళ్ళి ముంత తెచ్చింది. ఒకావిడ "మరి ఆ రోజు అంత బాగా మాట్లాడితివి?" అంది. కొందరు జాలిగా చూశారు, తిట్టినా బాగుండేది. అటకెక్కిన ముంతలు దిగాయి. రోజమ్మత్త నా పక్కనే నిలబడి ప్రతిచోటా మొహం తిప్పుకునే ఒంపింది.

చివరి గుమ్మం డోర్కాస్‌ది. ముంత ఆమే తెచ్చింది. అన్ని ఇళ్ళలో చెప్పగలిగినదాన్ని, అక్కడ క్షమించమని ఒక్క మాట అనాలి. ఆమె ఎదురుచూసింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మొహంలో ఎక్కడా కోపం లేకపోవటం చూసేసరికి మళ్ళీ అదే మంట. నోరు తెరిచాను, మూసేశాను.

రోజమ్మత్త ముంత అందుకుని ఒంపింది. తర్వాత నా వైపు నుంచి మొహం తిప్పుకుని, డబ్బాని రెండుసార్లు తట్టి, "నిండుగుండాల తల్లీ" అంది.

డోర్కాస్ ఇచ్చిన ముంత అంచుల దాకా నిండుగానే ఉంది.