కాళ్లు కాలిన పోలీసు కుక్క

పెనుకొండ పశువుల ఆసుపత్రిలో నేను అసిస్టెంటుగా చేరిన నాలుగో ఏడు అది. మే నెలలో ఒక మధ్యాహ్నం, షేర్ ఆటోలోంచి ఒక కానిస్టేబుల్ దిగి, పెద్ద ల్యాబ్రడార్ కుక్కను రెండు చేతులా ఎత్తుకుని లోపలికి వచ్చాడు. బాంబులు పసిగట్టే పోలీసు కుక్క; మందుపాతర వాసన తగిలితే మొరగదు, దాని పక్కనే కదలకుండా కూర్చుని చూపిస్తుంది. ఆయన దాన్ని నడిపించి, చూసుకునే హ్యాండ్లర్.

"మేడమ్, దీని కాళ్లు చూడండి. నిలబడల్యాకుండా ఉండాది" అన్నాడు.

పాదాల కింద మెత్తలు బొబ్బలెక్కి, ఒకచోట తోలు ఊడిపోయింది. ఎర్రమంచి దగ్గర ఎవరో పెద్ద నాయకుడి సభట. ఆయన నడిచే దారిలో అపాయమేదీ లేదని తేల్చడానికి, పొద్దున్నుంచి కాగిన తారు మీద దీన్ని తిప్పారు. ఆయన పాదాలకు మాత్రం కార్పెట్ పరిచారు.

"మీ బండి యాడుంది?" అని అడిగాను.

"కాన్వాయ్‌లో పోయింది మేడమ్. వచ్చినోళ్లకు కార్లు చాల్లేదంట."

డాక్టరు గొర్రెల టీకాల కోసం పరిగి పోయి ఉన్నాడు. ఫోన్లో అడిగి, సెలైన్‌తో పుండ్లు కడిగి, ఆవుల గిట్టలకు వాడే మందే పూసి కట్లు కట్టాను. అంత మంటలోనూ ఆ కుక్క నా చెయ్యి కరవలేదు. మూతి తీసుకుపోయి హ్యాండ్లర్ చంకలో పెట్టుకుంది.

"కాళ్లకు తొడుగులు కావాలని రెండేండ్ల నుంచి రాస్తానే ఉండా. కుక్కకు చెప్పులేందప్పా అని ఆఫీసులో నవ్వినారు" అన్నాడాయన. చెబుతూ ఆయనా నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

పది రోజులు ఎండలోకి తీసుకుపోవద్దని చీటీ రాసిచ్చాను. ఆరో రోజే ధర్మవరంలో దానికి సన్మానం పెట్టారు. ఊరిపేరు నిలబడాలని పట్టుశాలువా! వైద్యం చేసినందుకు నన్నూ పిలిచారు. వెళ్లి చూస్తే షామియానా, భోజనాలు, వీధి పొడుగునా ఫ్లెక్సీలు. ఫ్లెక్సీలో నాయకుడి మొహం చేటంత, కుక్కది నిమ్మకాయంత. ఆ ఏడు కుక్కల పోషణకు వచ్చిన నిధిలోంచే ఇదంతా చేస్తున్నారని హ్యాండ్లర్ నా చెవిలో చెప్పాడు.

వేదిక ఎక్కబోతుంటే ఒక అధికారి దాని కట్లు చూసి మొహం చిట్లించాడు.

"ఏమప్పా, ఆ గుడ్డలు పీకేయ్. ఫొటోలో బాగుండవు."

"పుండ్లు మానలేదు సార్. దుమ్ము పడితే చీము పడతాది" అన్నాను.

"రెండు నిముషాలే కదమ్మా."

"శాలువా ఉండాది కదా సార్. దాన్నే కాళ్లకు చుట్టండి, ఫొటో ఇంకా బాగొస్తాది."

ఆయన నా మాట వినలేదు. హ్యాండ్లర్ తల వంచుకుని కట్లు విప్పాడు. రెండు నిముషాలన్నది నాయకుడి ఉపన్యాసంతో కలిసి గంటన్నర అయింది. కూర్చోమన్నచోట కదలకుండా కూర్చున్నది ఆ సభలో కుక్క ఒక్కటే.

నేననుకున్నట్టే చీము పట్టింది. మళ్లీ మా ఆసుపత్రికే తెచ్చాడు, ఈసారి బస్సులో. నెల తిరిగేసరికి నాకు మెమో వచ్చింది. పశువులకిచ్చిన మందులు పోలీసు శాఖ జంతువుకు ఎందుకు వాడారో చెప్పాలట. 'అది కూడా పశువే' అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను. డాక్టరు భయపడి, దానికి ముందూ వెనకా నాలుగు వినయవాక్యాలు చేర్పించాడు.

కుక్కకు కుంటు మిగిలింది. పనికిరాదని తేల్చి సర్వీసులోంచి తీసేశారు. ఇకమీదట దాని ఖర్చుతో శాఖకు సంబంధం లేదని రాసి ఉన్న కాగితం మీద సంతకం చేసి, హ్యాండ్లర్ దాన్ని హిందూపురంలోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. శాలువా కప్పిన వాళ్లలో ఒక్కరు కూడా అది యాడుందని అడగలేదు.

కిందటి ఆదివారం టీకా వేయడానికి వాళ్లింటికి వెళ్లాను. హ్యాండ్లర్ భార్య రాగిముద్ద చల్లార్చి, గుడ్డు చిదిమి గిన్నెలో పెడుతోంది. కుక్క కుంటుకుంటూ వచ్చి నా సంచీ వాసన చూసింది. తర్వాత సంచీ పక్కనే కదలకుండా కూర్చుని, ఆమె మొహంలోకి చూసింది.

"ఏమీ లేదులేవే, సూదిమందే. వచ్చి తిను" అందామె.

అప్పుడు లేచి తినడానికి పోయింది.