రాతి కింద తాళంచెవి

మా ఇల్లు అడవిలో ఉంది. అడవి అని నేను అనడం లేదు, అటవీ శాఖ వాళ్ళు పాతిన బోర్డు అంటోంది. ఆ బోర్డు నీడ తప్ప అక్కడ వేరే నీడ లేదు. ఉరవకొండ దాటాక బస్సు దిగి మూడు మైళ్ళు నడిస్తే మోకాలెత్తు మొక్కలు, వాటి మధ్య ఒక రేకుల గది. మా ఆయన ఆ మొక్కలకు కాపలాదారు. మేకలు రాకుండా చూడాలి, ఎండాకాలం బిందెలతో నీళ్ళు పోయాలి.

ఆ నీళ్ళ దగ్గరే మాకు చెడింది. తలస్నానానికని నేను దాచుకున్న బిందెడు నీళ్ళు తీసుకుపోయి ఒక వేపమొక్కకు పోశాడు మహానుభావుడు. అప్పటికే నేను తలకు కుంకుడుకాయ రుద్దుకుని కూర్చున్నాను.

"మొక్క సచ్చిపోతాది. నువ్వు సావవు కదా" అన్నాడు.

దానితోనే కాపురం చేసుకోమని చెప్పి, ఆ నురగతలతోనే బస్సెక్కి కుందుర్పిలో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోయాను.

మా వైపు అలిగి వెళ్ళిన ఆడది తనంతట తాను తిరిగి రాకూడదు. మొగుడు వచ్చి పిలుచుకుపోవాలి. ఆయన రాలేదు. మొక్కల్ని వదిలి రాలేడట. నాకేమో మూడో నెలకే ఇంటి మీద మనసు పీకింది. కానీ పరువొకటి ఏడ్చింది కదా.

వానలు పడ్డాయి, చెనక్కాయ పీకుడు అయిపోయింది, కార్తీకం వచ్చింది. సంగటి కట్టె అక్కడే మరిచిపోయానని అమ్మతో చెప్పి బయలుదేరాను. ఐదు నెలలు తన కట్టెతోనే సంగటి కెలికానన్న మాట అమ్మ ఎత్తలేదు, పాపం.

వెళ్ళేసరికి తలుపుకు తాళం. వెతికితే తాళంచెవి దొరికేదేమో, కానీ పిలవని ఇంట్లో నేనెందుకు దూరతాను? ఎండలో గడప మీద మూడు గంటలు కూర్చున్నాను. ఎదురుగా ఆ వేపమొక్క, నా సవతి, నడుం దాకా పెరిగి నిలబడింది. ఇంతలో ఒక మేక వచ్చి దాని మీద మూతి పెట్టింది. ఐదు నెలలు నేను నోరారా తిట్టిన మొక్కే. ఎందుకో ఒళ్ళు మండిపోయి, విసురుదామని గడప పక్కన రాయి ఎత్తాను. దాని కింద తాళంచెవి ఉంది.

మేకల వెనకే వచ్చిన ముసలాయన నన్ను చూసి నిలబడిపోయాడు.

"ఏమమ్మా, నువ్వు ఈడుండావా? ఆయప్ప నిన్ను పిల్చుకొస్తానని తెల్లంగీ ఏసుకొని పొద్దున్నే బస్సెక్కినాడే. మొక్కలు చూసుకోమని నాకు చెప్పి పోయినాడు."

"బాగానే చూస్తాండావు" అన్నాను.

ఒక్క పూట ఓపిక పట్టి ఉంటే పరువుగా వచ్చేదాన్ని. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

పొద్దు వాలే వేళకు ఆయన వచ్చాడు, మా అమ్మ పెట్టిన ఓళిగలు కడుపు నిండా తిని.

"కట్టె కోసం వచ్చినా" అన్నాను.

"మీ అమ్మ చెప్పిందిలే."

"ఈడ ఒక్కనివే కదా ఉండేది. తాళంచెవి జేబులో పెట్టుకోకుండా రాతి కింద ఎందుకు పెట్టి పోయినావు?"

ఆయన వేపమొక్క వైపు చూస్తూ చెప్పాడు.

"నువ్వు పోయిన నాటి నుంచీ ఆడనే పెడతాండా. నేను లేనప్పుడు వస్తే ఎండలో కూచుంటావని."

మూడు గంటలు ఎండలో కూర్చున్న సంగతి ఇప్పటికీ ఆయనకు చెప్పలేదు.