పల్లికాయ కాని పైసలు

పాలమూరులో ఆదాయపు పన్ను లెక్కలు రాసిపెట్టే పని మొదలుపెట్టిన కొత్తలోనే నాకొక సంగతి అర్థమైంది. మా జిల్లాలో అన్నిటికన్నా బాగా పండేది పల్లికాయ, అదీ కాగితాల మీద! ఎక్కడిదో చెప్పలేని సొమ్ము ఎవరి ఖాతాలో పడ్డా సరే, "పల్లికాయ అమ్మిన పైసలని రాయుండ్రి మేడం" అంటారు. పంట మీద పన్ను లేదు కదా. ఆ ఒక్క చట్టం మాత్రం మా దగ్గర అందరికీ నోటికొచ్చు.

ఒక ఎండాకాలం తల్లీకూతుళ్లు నా దగ్గరికి వచ్చారు. కూతురు ఒక ప్రైవేటు దవాఖానలో రక్తపరీక్షలు చేసేది. ఆ దవాఖాన యజమాని ఆమె మీద అత్యాచారం చేశాడు. పరువు పోతుంది, ఊరుకోమన్న వాళ్లందరినీ కాదని ఆమె ఏళ్ల తరబడి కోర్టుకు తిరిగింది. వాడికి శిక్ష పడింది, ఆమెకు నష్టపరిహారం వచ్చింది. దాన్ని బ్యాంకులో వేసుకున్నాక పన్ను ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, ఇంత సొమ్ము ఎక్కడిదని.

తల్లి కూర్చుని ముందు మంచినీళ్లు తాగింది, తర్వాత అడవి పందులను తిట్టింది. "వాటి నోట్ల మన్నువడ! రెండెకరాల పల్లిచేను ఆగం చేసినయి బిడ్డా. ఒక్క కాయ ఇంటికి రాలె."

నేను ఉత్తరం చదవడం అయ్యేసరికి ఆమె గొంతు తగ్గించింది. "గా పైసలు పల్లికాయ అమ్మితే వచ్చినయని రాయి బిడ్డా."

"ఇప్పుడే కద పెద్దమ్మా, పందులు తిన్నయంటివి? తిన్నదానికి పందులు గింత కట్టిచ్చినయా?" అన్నాను.

కూతురు ఫక్కున నవ్వింది. తల్లికి మాత్రం నవ్వు రాలేదు. "నవ్వుతరు, మీకేంది? గా ఆఫీసుల ఎంతమంది ఉంటరో ఏమో. నా బిడ్డ ముచ్చట మళ్ల పదిమంది నోట్ల పడాల్నా?"

ఆమె పల్లికాయ వెనక దాస్తున్నది డబ్బును కాదు. ఉత్తరం పక్కన పెట్టి, నాకు తెలిసిన పద్ధతిలో చెప్పాను. జరిగిన హానికి కోర్టు ఇప్పించిన పరిహారం సంపాదన కిందికి రాదు, దాని మీద పన్ను పడదు. బ్యాంకు ఇచ్చే వడ్డీ మాత్రం ఆదాయమే, దానికి లెక్క చెప్పాలి. సర్కారుకు కూడా అప్పుడప్పుడు బుద్ధి పుడుతుంది మరి.

"ఎట్లయిన పన్ను లేనప్పుడు ఏం రాస్తే ఏంది? పల్లికాయనే రాయరాదు!" తల్లి పట్టు వదల్లేదు.

కూతురు తల్లి చేయి పట్టుకుంది. "పల్లికాయని రాస్తే, వాడు నన్నేం చెయ్యనట్టే గదనే అమ్మా."

తల్లి కొంగుతో మొహం తుడుచుకుని, "రాయి బిడ్డా. ఉన్నదున్నట్టు రాయి" అంది. అలాగే రాశాను. తీర్పులో పరిహారం ఇమ్మన్న భాగం వరకే జతచేశాను. ఆఫీసు వాళ్లు మళ్లీ ఏమీ అడగలేదు. ఆ పిల్ల ఆ డబ్బులో కొంత తీసి సొంతంగా ల్యాబు పెట్టుకుంది.

మరుసటి ఏడు వడ్డీ లెక్క కోసం తల్లి ఒక్కతే వచ్చింది. అప్పటికే నా గదిలో వాళ్ల ఊరాయన ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయనా పల్లికాయ పని మీదే వచ్చాడు, వేరే చెప్పాలా!

"ఏందక్కా, బిడ్డకు ల్యాబు పెట్టిచ్చినవంట? పల్లికాయ గంత పండిందా?" అని ఆయన ఎకసెక్కంగా అడిగాడు. నేను రాస్తున్నదాన్ని ఆపి ఆమె వైపు చూశాను.

"యాడి పల్లికాయ తమ్మీ? పందులే తిన్నయి." ఆమె కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగానే కూర్చుంది. "అవి నా బిడ్డ కోర్టుల కొట్లాడి గెల్సుకున్న పైసలు. ఎవలన్న అడిగితే గట్లనే చెప్పుమన్నది."