కోలాతో పెరిగిన మెంతికూర

అమెరికాలో మేముండే నోవై ఊళ్లో మా అమ్మాయి మేఘన అయిదో తరగతి సైన్స్ ఫెయిర్ కోసం రెండు కుండీల్లో మెంతులు చల్లింది. ఒకదానికి రోజూ గ్లాసుడు నీళ్లు, రెండోదానికి గ్లాసుడు కోలా. పోసే పని ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారిది. మొదట వాడిపోయిన కోలా మొక్కలు తర్వాత ఏపుగా లేచాయి. ఆ రోజుల్లోనే అత్తగారి షుగర్ కూడా పెరిగింది. కారణం తెలియక ఆవిడకి అన్నం తగ్గించాను.

ఫెయిర్‌లో కోలా కుండీ చూసి జడ్జి నోరు వెళ్లబెట్టింది. మొదటి బహుమతి మాదే అనుకుంటుండగా అత్తగారు మొక్కల్ని నిమిరి, "ఎండిపోతుంటే ప్రాణం ఉసూరుమందే అమ్మడూ! కోలా మానేసి బియ్యం కడిగిన నీళ్లు పోశాను" అన్నారు.

ఏమంటున్నారని జడ్జి అడిగింది. మొక్కల్ని దీవిస్తున్నారని చెబుదామని నేను నోరు తెరిచేలోగా మేఘన ఉన్నదున్నట్టు చెప్పేసింది. బహుమతి పోయింది. జడ్జి మాత్రం దాని నిజాయితీకి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లింది.

కారెక్కాక మేఘన, "నాయనమ్మా, మరి కోలా అంతా సింక్‌లో పోశావా?" అంది.

అత్తగారు కిటికీలోంచి మంచు చూడసాగారు.

ప్రయోగంలో దాచినది ఎక్కడో ఒకచోట బయటపడుతుందంటారు. మా ఇంట్లో అది షుగర్ మెషిన్‌లో బయటపడింది.